కోర్టు లేచేదాకా

“లేదు అని రాయి. ఒక్క మాట రాయనీకి చెయ్యి నొస్తదా?” అన్నాడు చిరంజీవి, పుష్పలత కట్టిన టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ వంకాయేనా అన్నట్టు మూత పెట్టేస్తూ.

భర్త ఎక్కాల్సిన పేపరు మిల్లు బస్సు సారపాక రోడ్డు మీదికి వచ్చే వేళయింది. పుష్పలత చేతులకు బూడిద, ముందు సగం తోమిన అంట్లు. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా తన పేరు వచ్చిందని తెలిసిన నాటి నుంచి ఆ ఇంట్లో ఒక్కరూ సంతోషంగా ఒక మాట అన్నది లేదు గానీ, పోలీసు వెరిఫికేషన్ ఫారంలో ఏం రాయాలో మాత్రం అందరూ చెప్పేవాళ్ళే. అందులో ఒక ప్రశ్న ఉంది. మీ మీద ఎప్పుడైనా కోర్టులో కేసు నడిచిందా, నడిస్తే ఏమైంది? నడిచిందని గూడెం మొత్తానికి తెలుసు. ఏమైందో ఆమెకే సరిగ్గా తెలియదు.

“కొట్టేసిన్రని నువ్వే అన్నవ్ గదా. కొట్టేసిన కాగితం పెడితే చాలంటున్నది సూపర్‌వైజర్ మేడం.”

“యాడి కాగితం? ఎప్పటి ముచ్చట! చెదలు తిని ఉంటది. నేను తిరిగి తిరిగి బయటపడెయ్యకపోతే ఖమ్మం జైల్ల కూసుందువు. యాదుంచుకో.”

యాదుంచుకోక ఏం చేస్తుంది, మరిచిపోనిస్తే కదా. కూరలో ఉప్పు ఎక్కువైనా ఆ మాటే, పుట్టింటికి పోతానన్నా ఆ మాటే. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడతానన్నప్పుడు కూడా, “జైలు తప్పిచ్చిన, ఇగ బడి కూడ పంపాల్నా?” అన్నాడు. ఎలాగో కట్టి పాసైంది. జైలు తప్పించినందుకు వాళ్ళ గొడ్ల పేడ ఎత్తింది, మామ మంచాన పడితే మూడు వానాకాలాలు ఒళ్ళు తుడిచింది, మిర్చి ఏరడానికి కూలికి పోయి తెచ్చిన డబ్బులు అత్త చేతిలో పెట్టింది. ఎవరైనా ఒక మేలు చేస్తే ఒకసారి దండం పెడతాం. ఈ మేలుకు రోజూ పెట్టాల్సి వచ్చింది.

కేసు పోడు చెలక గురించి. అడవి అంచున మామ కొట్టిన చెలకను ఇంకొంచెం పెంచుదామని చిరంజీవి టేకు, ఏగి చెట్లు నరికాడు. ఆమె జావ గిన్నె నెత్తిన పెట్టుకుని, చంటిపిల్లను చంకనేసుకుని అప్పుడే వెళ్ళింది. ఫారెస్టు వాళ్ళూ అప్పుడే వచ్చారు. ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. నిజానికి ఆ ఇంట్లో ఆడవాళ్ళు గొడ్డలి ముట్టరు. ముట్టడం మాట అలా ఉంచి, దాటకూడదు కూడా. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో గడప దగ్గర పడున్న గొడ్డలిని చూసుకోక దాటిందని అత్త జంపక్క మూడు రోజులు సాధించింది. “ఆడది దాటితే ఇనుము చస్తది, మొగోని చెయ్యి ఆడదు” అని పసుపు నీళ్ళతో కడిగించింది. అప్పటి నుంచి గొడ్డలి అడ్డంగా ఉంటే పుష్పలత ఇంటి చుట్టూ తిరిగి పెరటి దారిన లోపలికి వస్తుంది. నెత్తిన నీళ్ళ బిందె ఉన్నా సరే.

భర్త కాగితం లేదన్నాడు కాబట్టి, తనే వెతకాలనుకుంది. పక్కింటి కవిత డిగ్రీ చదువుతోంది. మధ్యాహ్నం దాని ఫోన్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. కోర్టుల వెబ్‌సైటులో జిల్లా, కోర్టు, సంవత్సరం పెట్టి పేరు కొడితే కేసు నంబరు వస్తుందంది కవిత. ఏ సంవత్సరమో పుష్పలతకు తెలియదు. పాప నడక నేర్చిన ఏడు అని మాత్రం తెలుసు, దాన్ని బట్టి లెక్కేసి పెట్టారు. ఆమె పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ కొట్టారు. రాలేదు. అత్తింటి పేరుతో కొట్టారు, పుట్టింటి పేరుతో కొట్టారు. రాలేదు.

“బావ పేరు కొడదామా అక్కా?” అంది కవిత.

ఒక్కసారికే వచ్చింది. ప్రభుత్వం ఒక పక్క, చిరంజీవి, మరొకరు ఇంకో పక్క.

“మరొకరు అంటే?”

“నువ్వేనక్కా.”

పుష్పలతకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. రేషన్ కార్డులో అతని కిందే, బ్యాంకులో అతని భార్యే, ఆఖరికి నేరంలో కూడా మరొకరేనా! కేసు ముగిసిందని ఉంది. ఎలా ముగిసిందో తెలియాలంటే తీర్పు నకలు తీసుకోవాలి. నంబరు అరచేతిలో రాసుకుంది.

మర్నాడు దవాఖానాకని ఇంట్లో చెప్పి, వంతెన దాటి కోర్టుకు పోయింది. కోర్టులో నకళ్ళు ఇచ్చే గది వెనక వైపు ఉంది. గుమస్తా మంచివాడే. తెల్లకాగితం మీద కేసు నంబరు, సంవత్సరం, ఏ కాగితం కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ఆధార్ జిరాక్సు పెట్టమన్నాడు. పాత ఫైలు రికార్డు గది నుంచి రావాలి, వారం పైనే పడుతుందన్నాడు.

“కేసుల ఉన్నోళ్ళకైతే అడగంగనే ఇస్తం. బయటోళ్ళైతే ఎందుకో కారణం చెప్పి అఫిడవిట్ పెట్టాలె. మీరెవరమ్మా?”

“మరొకరు ఉన్నది గదా సార్. ఆ మరొకరు నేనే.”

అర్జీ ఇచ్చి వస్తూ కోర్టు హాల్లోకి తొంగి చూసింది. అదే బెంచీ, గోడ వార. ఆ బెంచీ అంటే ఆమెకు, ఎవరికీ చెప్పలేదు గానీ, ఇష్టం. కేసు ఆఖరి రోజున జడ్జిగారు ఏదో అడిగారు, ఆమె జవాబు చెప్పింది, ఆ తర్వాత అక్కడ కూర్చోమన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. నెత్తి మీద ఫ్యాను. ఒళ్ళో పాప నిద్రపోయింది. నీళ్ళు తే అన్నవాళ్ళు లేరు, గొడ్లు అరవలేదు, అత్త పిలవలేదు. పెళ్ళయ్యాక పొద్దు గూకేదాకా ఊరికే కూర్చున్న రోజు అదొక్కటే. తర్వాత ఎన్నోసార్లు, నాట్లలో నడుం పడిపోతున్నప్పుడు, ఆ బెంచీని తలుచుకునేది. కోర్టువాళ్ళు ఎంత దయగలవాళ్ళో, చంటిపిల్ల తల్లని కూర్చోబెట్టారు అనుకునేది.

నకలు వచ్చేనాటికి ఫారం ఇవ్వాల్సిన గడువు రెండు రోజుల్లోకి వచ్చింది. తీర్పు ఇంగ్లీషులో ఉంది. గుమస్తా, ముందు గదిలో పేదలకు ఉచితంగా సలహా చెప్పే వకీలమ్మ ఉంటుందని పంపించాడు. ఆమె పేరు భార్గవి. చిన్నమ్మాయి. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి పుష్పలత మొహంలోకి చూసింది.

“మీరు గొడ్డలితో చెట్లు నరికినట్టు ఒప్పుకున్నారమ్మా.”

“నేనా? గొడ్డలా?”

“అవును. రెండో ముద్దాయి తానే నరికానని ఒప్పుకుంది అని ఉంది. మొదటి ముద్దాయి మీద రుజువు లేదని వదిలేశారు. మీకు జరిమానా, శిక్ష.”

“శిక్ష ఎక్కడిది మేడం? నేను జైలుకు పోలేదు. జడ్జిగారు కూసోమంటే కూసున్న, అంతే.”

భార్గవి మెల్లగా చెప్పింది. “అదే శిక్షమ్మా. కోర్టు లేచేదాకా నిర్బంధం అంటారు. జడ్జిగారు లేచి వెళ్ళేదాకా మీరు ఖైదీ.”

పుష్పలత కిటికీలోంచి కోర్టు హాలు వైపు చూసింది. ఆ ఆఖరి రోజు పొద్దున టీ బండి దగ్గర చిరంజీవీ, అతను పెట్టిన వకీలూ చెప్పిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. “అయ్యగారు అడుగుతరు. ఏమడిగినా అవ్ అను. జల్దీ అయిపోతది, రేపటి నుంచి వాయిదాలుండవ్.” ఆమె అవ్ అంది. ఆ మరుసటి నెలే అతను మిల్లులో చేరాడు. కేసున్నవాడిని కాంట్రాక్టరు తీసుకోడట. తనను బయటపడేశానని ఇన్నేళ్ళూ దండం పెట్టించుకున్నవాడు, తన మీద నుంచి నడిచి బయటపడ్డాడు. అది చాలదన్నట్టు, జీవితంలో ఒక్క రోజు హాయిగా కూర్చున్నానని దాచుకున్న జ్ఞాపకం కూడా చివరికి జైలే అయింది. ఆమెకు దుఃఖం వచ్చింది చెట్ల కోసం కాదు, పేరు కోసం కాదు. ఆ ఒక్క రోజు కోసం.

“దీన్ని తిరగదోడొచ్చా మేడం?”

“కష్టమే. ఏండ్లు గడిచినయ్. మీరే ఒప్పుకున్నట్టుంది. కానీ అడగొచ్చు. అడిగితే మాత్రం ఆ రోజు ఎవరు చెప్పమంటే చెప్పారో, చెట్లు ఎవరు నరికారో ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తది. దానివల్ల ఆయన ఉద్యోగానికి ఇబ్బంది రావొచ్చు. ఇంట్లో ఆలోచించుకోండి, రేపు పొద్దున నేనే ఫోన్ చేస్తా.”

సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చిన చిరంజీవి ముందు కాగితం పెట్టింది. అతను చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు కదా.

“గందుకా దవాఖానా?” అన్నాడు. “ఇంటి కోసమే గదా చేసింది. మొగోనికి కేసుంటే కొలువొస్తదా? నీకేం కొలువుండె గప్పుడు? ఇంట్ల కూసునేదానివి.”

“నేనెప్పుడు కూసున్న?” అంది పుష్పలత. “ఒక్కనాడే కూసున్న. దానికి శిక్షని పేరు పెట్టిన్రు.”

జంపక్క మధ్యలోకి వచ్చింది. “ఇల్లు నిలబడాలంటే ఆడది మీదేసుకోవాలె బిడ్డా. మేం ఏసుకోలే?”

“ఏసుకున్నవత్తా. నీకు ఎవరన్న దండం పెట్టిన్రా?”

ముసలామె కొడుకు వైపు చూసింది.

“రేపు ఫారంల లేదు అని రాయి. టీచర్ కొలువు నీకొస్తది, నా కొలువు నాకుంటది. నాకు కోపం తెప్పియ్యకు” అని చిరంజీవి అన్నానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు, తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

తెల్లవారాక వాకిట్లో కూర్చుని ఫారం నింపింది. కేసు నడిచిందా అన్న చోట నడిచింది అని రాసింది. ఏమైంది అన్న చోట శిక్ష పడింది అని రాసి, కోర్టు నకలు జత చేసింది. ఉద్యోగం వస్తుందో రాదో, రాకపోవచ్చు కూడా. చిరంజీవి రాత్రి కట్టెలు కొట్టి గొడ్డలిని గడపకు అడ్డంగా వదిలేసి పోయి పడుకున్నాడు, ఇప్పుడు పళ్ళపుల్ల నములుతూ అరుగు మీద ఉన్నాడు. లోపల ఫోన్ మోగింది. పుష్పలత లేచి, చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తిపట్టుకుని, గొడ్డలిని దాటి లోపలికి పోయింది.

“ఓసి నీ...” అని పొయ్యి దగ్గర్నుంచి లేచింది జంపక్క.

ఫోన్ తీసుకుని మళ్ళీ గొడ్డలి దాటి వాకిట్లోకే వచ్చింది. అవతల భార్గవి. “ఆలోచించారా అమ్మా? చెట్లు నరికింది ఎవరో జడ్జిగారు అడిగితే, మీ ఆయన ఎదురుగా ఉన్నా, చెప్తారా?”

చిరంజీవి పళ్ళపుల్ల నోట్లోంచి తీసి ఆమెనే చూస్తున్నాడు.

“అవ్” అంది పుష్పలత.