ఒకే దండెం మీద

మూటల మామయ్య అప్పటికే రెండు బకెట్ల నీళ్లు ఎత్తిపోశాడు. వాన పడితే చాలు, పోలీస్ స్టేషన్ వెనక సామాన్ల గది కారుతుంది. కేసుల్లో పట్టుకొచ్చిన కత్తులు, కర్రలు, బట్టల మూటలు అన్నీ అందులోనే పెడతారు. వాటికి కాపలా కాస్తూ కానిస్టేబుల్‌గానే తల నెరిసింది కనక కుర్రాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టారు. మామయ్యకు కోపం రాదు. కోపం తెచ్చుకునేంత పెద్ద ఉద్యోగం కాదని ఆయన ఉద్దేశం.

ఈ గదే ఆయన కొంప ముంచింది. కిందటేడు వానలకు మూటలన్నీ తడిసి కంపు కొట్టాయి. పై అధికారి తనిఖీకి వస్తున్నాడు.

"ఏం చేస్తావో నాకు తెలీదు మామా, సాయంత్రానికి ఆ వాసన పోవాలి," అన్నాడు ఎస్సై.

మామయ్య మూటలు విప్పి, బట్టలన్నీ పెరట్లో దండెం మీద ఆరేశాడు. చోటు చాలక, కత్తిపోట్లకు చచ్చిపోయిన వ్యాన్ డ్రైవర్ చొక్కా మీదే, పొడిచినవాడి చొక్కా కూడా వేశాడు. నిజానికి ఆ రెండూ ఎప్పుడో రక్తపరీక్షకు వెళ్లాల్సినవి. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అంటూ ఎస్సైయే నాన్చి, అవి ఆరాక పంపాడు.

కేసు విచారణకొచ్చినప్పుడు మామయ్యను బోనెక్కించారు. విడివిడిగా ఆరేశానని చెప్పమని ఎస్సై ముందే నూరిపోశాడు. కానీ స్టేషన్ శుభ్రంగా ఉందని పైవాళ్లకు చూపించడానికి ఆ ఎస్సైయే తీయించిన ఫొటో, ఎదుటి లాయరు చేతిలో ఉంది.

"రెండూ తడివే, ఒకదానిమీద ఒకటి. అవునా?" అన్నాడు లాయరు.

"అవునండి," అన్నాడు మామయ్య.

ఇవాళ తీర్పు. చేతులు తుడుచుకుని, కాగితాల సంచీ భుజాన వేసుకుని ఆయన కోర్టుకు నడిచాడు. వరండాలో బెంచీ మీద డ్రైవర్ తల్లి కూర్చుని ఉంది.

"వచ్చావా తమ్ముడూ? ఇవాళ్టితో వాడి పని అయిపోతుంది," అంది.

మామయ్య సిగ్గుతో తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

తీర్పు చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. నిందితుడి చొక్కా మీది రక్తం పొడిచినప్పుడు పడిందో, దండెం మీద అంటిందో తేల్చలేమన్నారు. వేరే సాక్ష్యం లేదన్నారు. నిందితుణ్ణి వదిలేశారు. వాడు నవ్వుకుంటూ ఆవిడ పక్కనుంచే వెళ్లాడు.

"చొక్కా వాడిదేగా? నెత్తురు నా బిడ్డదేగా? మరెందుకు వదిలేశారు?" అని ఆవిడ మామయ్యను పట్టుకుని అడిగింది.

"నావల్లే అక్కా. రెండు చొక్కాలూ కలిపి ఆరేశాను."

ఆవిడ ఆయన మొహంలోకి వెర్రిగా చూసింది.

"తడిసిన బట్టలు ఆరెయ్యరా మరి?"

తిట్టి ఉంటే బాగుండుననిపించింది మామయ్యకు. ఆవిడ తిట్టలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి, గేటు దాటి, జనంలో కలిసిపోయింది.

"మామా, ఆ పెద్దావిడ బెంచీ మీద కళ్లజోడు మర్చిపోయింది," అని బంట్రోతు కేకేశాడు. "శిక్ష వేసేటప్పుడు వాడి మొహం సరిగ్గా కనబడాలని చేయించుకుందట పాపం."

మామయ్య గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఆవిడ లేదు. రొప్పుతూ తిరిగొచ్చి బెంచీ ముందు నిలబడ్డాడు. కొత్త కళ్లజోడు, కుడి అద్దానికి కొట్టువాడు అంటించిన కాగితం ముక్క కూడా ఇంకా ఊడలేదు.