పంచభుజాల బొంత

మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పాక టీచరు తన అన్నయ్య ఇంటికి వచ్చేసింది. భర్తది షిఫ్టుల ఉద్యోగం. ఇక్కడైతే వదిన ఉంటుంది. వదిన దర్జీ. ముందు గదిలోనే మిషను, పగలంతా దాని ముందే.

కిందటిసారి టీచరుకు ఐదో నెలలో కడుపు పోయింది. అందుకే ఈసారి పుట్టబోయే బిడ్డ ఊసు ఎవరెత్తినా గోడవైపు తిరిగి పడుకునేది. చిన్న చొక్కా గుడ్డ కూడా ఇంట్లోకి రానివ్వలేదు. వదిన ఆ ఊసే ఎత్తలేదు. వచ్చిన రోజే మంచాన్ని మిషను పక్కకు జరిపించి, "నా మొహం చూస్తూ పడుకో, కాలక్షేపం అవుతుంది" అంది.

ఒక మధ్యాహ్నం వదిన కటింగు బల్ల మీద గుడ్డ ముక్కలు పేర్చుకుంటూ తనలో తనే గొణుక్కుంటోంది. టీచరు తల తిప్పి చూసింది.

"ఏమైంది వదినా?"

"బొంత కుడదామని మొదలెట్టా. మొన్న ఒకావిడ ఆరు మూలల ముక్కలతో కుట్టింది తెచ్చి చూపించింది, ముచ్చటేసింది. ఆరు కత్తిరించే ఓపిక లేక ఐదుతో సరిపెట్టా. మూడు ముక్కలు మూలకి మూల కలిపితే సందు మిగులుతోంది. నాలుగోది దూర్చబోతే పట్టట్లేదు. ఈ దిక్కుమాలిన కత్తెరే వంకర పోయినట్టుంది."

"ఎవరికి బొంత?"

"గిరాకీ ఉందిలే."

టీచరు ఇంకేం అడగకుండా చెయ్యి చాపింది. "ముక్కలు కొలిచి కోసిన ఆ అట్ట ఇలా ఇయ్యి. సుద్ద కూడా."

అట్టను నాలుగు వైపులా తిప్పి చూసింది. "నీ కత్తెర బంగారం వదినా. భుజాలన్నీ సమానం, కోణాలన్నీ సమానం. క్రమ పంచభుజి అంటే ఇదే. తప్పల్లా ఐదుతోనే వచ్చింది."

"ఐదు నన్నేం చేసిందమ్మా?"

టీచరు అట్ట మీద ఒక మూల నుంచి ఎదుటి రెండు మూలలకూ రెండు గీతలు గీసింది. "ఎన్ని త్రిభుజాలయ్యాయో చూడు."

"మూడు."

"ఒక్కో త్రిభుజంలో కోణాలు కలిపితే నూట ఎనభై డిగ్రీలు. మూడింటికీ ఐదు వందల నలభై. దాన్ని ఐదు మూలలకీ పంచితే?"

వదిన వేళ్ల మీద లెక్క కట్టి, ఒకసారి తప్పి, మళ్లీ కట్టి, "నూట ఎనిమిది" అంది.

"ఒక చుక్క చుట్టూ మొత్తం మూడు వందల అరవై ఉంటుంది. నీ మూడు ముక్కలూ మూడు వందల ఇరవై నాలుగే ఆక్రమించాయి. ముప్పై ఆరు మిగిలింది. అందులో నాలుగోది ఎక్కడ పడుతుంది? ఆరు భుజాలైతే నాలుగు త్రిభుజాలు, ఒక్కో మూల నూట ఇరవై. మూడు పెడితే చక్కగా సరిపోతుంది."

"మరి ఏడు?"

"ఏడైతే మూడు ముక్కలకే చోటు చాలదు, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కత్తెరని తిట్టాను" అని వదిన నవ్వింది. ఆమె నవ్వింది లెక్కకు కాదు. ఇన్ని వారాల తర్వాత ఆడపడుచు గొంతులో బడి వినపడినందుకు. తర్వాత ముక్కల కుప్పను చూసి నిట్టూర్చింది. "ఇదంతా చెత్తబుట్ట పాలేగా."

టీచరు మూడు ముక్కలు తీసుకుని, వాటి మధ్య సందు మూసుకునేలా అంచులు దగ్గరికి లాగి పట్టుకుంది. మధ్యలో గుడ్డ పైకి లేచి చిన్న గిన్నెలా అయింది.

"పరిస్తేనే గొడవ. సందుని కుట్టేస్తే ఇలా లేస్తుంది. ఇలాగే పన్నెండు కలిపితే బంతి."

వదిన సూదుల డబ్బా అటూ ఇటూ జరిపింది.

"గిరాకీ ఎవరు వదినా?"

"ఇంకా రాలేదు" అంది వదిన, తల ఎత్తకుండా. "వచ్చాకే ఇద్దామనుకున్నా. నీకు కష్టమైతే ఇప్పుడే అన్నీ తీసి లోపల పడేస్తానమ్మడూ."

టీచరు గోడవైపు తిరగలేదు. కళ్లు తుడుచుకుని, "నాకు భయంగానే ఉంది" అంది.

"నాకూ భయమే. చేతులు ఖాళీగా ఉంటే మరీ ఎక్కువవుతుందని ముక్కలు కోస్తున్నా."

"అయితే నాకూ ఒక సూది ఇయ్యి."

ఆ బంతిని టీచరే కుట్టింది, పడుకునే. కుట్లు ఎడాపెడా పడ్డాయి. విప్పి మళ్లీ కుట్టమని వదిన రెండుసార్లు కసిరింది. చివరి అంచు మూసేముందు ఇద్దరూ కలిసి దూది కూరారు. వదిన ఆరు భుజాల అట్ట కత్తిరించుకుని బొంత మళ్లీ మొదలెట్టింది.

పాప కాస్త ముందే పుట్టింది. బక్కగా ఉన్నా గట్టిగా ఏడ్చింది. బొంతలో చుట్టి ఇంటికి తెచ్చారు.

కొన్ని నెలల తర్వాత సెలవులకు వచ్చినప్పుడు టీచరు పాపను ముందు గదిలో నేల మీద పడుకోబెట్టి బంతి వదిలింది. దాని ముక్కలు బల్లపరుపుగా ఉండటంతో అది దూరం దొర్లదు. రెండు మూడు పొర్లింతలు వేసి కూర్చుంటుంది. పాప దాన్నే చూసింది. తర్వాత పొట్ట మీద జరిగి జరిగి, ఆయాసపడుతూ దాని దగ్గరికి చేరింది. అంతవరకూ పాప పాకింది లేదు.

వదిన మిషను ఆపేసింది. "చూశావా?" అంది మెల్లగా.

టీచరు తల ఊపింది. పాప బంతి మూలను నోట్లో పెట్టుకుంది.