మనిషి సాక్ష్యం, కుక్క ప్రాణం

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. ఇది మెల్లగా చెప్పాల్సిన కథే గానీ, మధ్యలో ఒళ్ళు మండి గొంతు పెరిగిపోతుంది, ఉలిక్కిపడకండి. "ఆ, కుక్కేగా" అని ఎవరైనా అన్నారో, ఇప్పుడే లేచి వెళ్ళి నిద్రపోవచ్చు.

ఒక డాక్టరమ్మ ఉండేది. జంతువుల డాక్టరే గానీ, జంతువు ఒంటి మీద చెయ్యి వేసే డాక్టరు కాదు. కుక్కలకీ పిల్లులకీ గడ్డలు లేస్తే, అక్కడి ఆసుపత్రివాళ్ళు ఓ ముక్క కోసి సీసాలో వేసి పంపుతారు. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది మంచి గడ్డా చెడ్డ గడ్డా అని తేల్చి చెప్పడం ఆమె పని. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని, నెలల తరబడి ఇంట్లో కూర్చుని, చంకలో కర్రతో మళ్ళీ ల్యాబులో అడుగుపెట్టింది. పెట్టిన రోజే గొడవ మొదలైంది.

కుర్చీలో సర్దుకుని కూర్చుందో లేదో, తలుపు తోసుకుని మేనత్త దిగబడింది. మెడలో కొలతల టేపు, భుజం మీద గుచ్చిన గుండుసూదులు, చేతిలో నలిగిన కాగితం. వెనకాల తాడు చివర గుండీ.

గుండీ అంటే కుక్క. అత్త స్కూలు పిల్లల చొక్కాలు కుడుతుంది. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడు ఓ గుండీ మింగేసి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, మర్నాడు దాన్ని రావలసిన దారిన బయటికి పంపింది. అప్పట్నుంచీ అదే పేరు.

"ఏమే, ఇది మీ ల్యాబు కాగితమేనా?"

"మాదే అత్తా. ఏమైంది?"

"ఏమైందా? నా గుండీని చంపమని రాశారు. అదీ అయింది!"

డాక్టరమ్మ కాగితం లాక్కుని చదివింది. గుండీకి వెనక చన్ను దగ్గర గడ్డ తగిలిందట. కుక్కల డాక్టరు ముక్క తీసి పంపాడు. చెడ్డ గడ్డ, హార్మోన్ గుర్తులు ఏమాత్రం లేవు అని ఇక్కణ్ణించి రాసి పంపారు. అది చూసి ఆ డాక్టరు, గుర్తులు లేని గడ్డ మహా మొండిది, కోసినా మళ్ళీ వస్తుంది, అనవసరంగా కోసి హింసపెట్టడం దేనికి, ఓ ఇంజెక్షను వేస్తే హాయిగా నిద్రపోతుంది అన్నాడట.

"శుక్రవారం తీసుకురమ్మన్నాడే! చొక్కా డెలివరీకి రమ్మన్నట్టు! ఇవాళ పొద్దున ఇది రెండు రొట్టెలు తిని, పైన నా చెప్పు కూడా సగం తింది. చచ్చేదాని తిండేనా ఇది, నువ్వే చెప్పు."

"గుర్తులు లేకపోతే ఇంకాస్త జాగ్రత్తగా చూడమని అర్థం అత్తా, చంపమని కాదు. ఆయన తొందరపడ్డాడు. నువ్వు తీసుకెళ్ళకు."

"తీసుకెళ్ళకు అంటావు, సరే. ఆయనేమో ఫోన్లు చేస్తున్నాడు. మీ స్వార్థం కోసం దాన్ని బాధపెట్టకండమ్మా అని. నా స్వార్థమట!" అంటూనే అత్త గొంతు దిగిపోయింది. "నిజంగా లోపల బాధపడుతోందేమోనే. నోరుంటే చెప్పేదిగా."

గుండీ ఆ మాట తన గురించి కానట్టు డాక్టరమ్మ చంకకర్ర వాసన చూసి, దాన్నీ కొరకబోయింది.

ఆ గుర్తుల సంగతి ఇప్పుడు చెప్పుకోకపోతే ముందుకు నడవదు, వినండి. ఆడకుక్క ఒంట్లో తిరిగే హార్మోను, పాలు తయారయ్యే చోట కణాల్లో దిగి కూర్చుంటుంది. కూర్చోడానికి చిన్నచిన్న పీటలుంటాయి. గడ్డలో కూడా ఆ పీటలు మిగిలి ఉంటే, ఆ గడ్డకి ఇంకా ఇంటి కట్టుబాట్లు కాస్త తెలుసన్నమాట. పీటలన్నీ విసిరిపారేసిందంటే తిరుగుబోతు గడ్డ. పిల్లులకి ఈ గడ్డలు వస్తే, పాపం, చాలావరకు చెడ్డవే. కుక్కల్లో సగానికి సగం మంచివే ఉంటాయి. పీటలు కంటికి కనపడవు కదా, అందుకని ముక్క మీద ఓ మందు చుక్క వేస్తారు. పీట ఉన్నచోట ఆ చుక్క అతుక్కుని గోధుమరంగు తేలుతుంది. లేనిచోట నీలంగా ఉండిపోతుంది. మరి చుక్కే పాడైపోయి ఉంటే? దానికోసం ప్రతి స్లైడు మీదా పక్కన ఇంకో ముక్క పెడతారు, పీటలు కచ్చితంగా ఉన్నాయని ముందే తెలిసిన ముక్క. దాన్ని వాళ్ళు సాక్షి అంటారు. సాక్షికి రంగు వచ్చాకే అసలు ముక్క మాట నమ్మాలి. అదీ ఆ ఇంటి ఆచారం.

ల్యాబులో మైనంలో బిగించిన ముక్కల్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసే ఆయన్ని అందరూ కోత బాబాయ్ అంటారు. డాక్టరమ్మ అడగ్గానే గుండీ స్లైడు తెచ్చి పెట్టాడు.

చూసింది. గడ్డంతా నీలం. సాక్షి మాత్రం నిగనిగలాడుతూ గోధుమరంగు. సరే, రిపోర్టు తప్పు కాదేమో అనుకుంది. అనుకుని, స్లైడు అంచుకి జరిపింది. గడ్డ పక్కనే గుండీ సొంత పాలగొట్టాలు రెండు మూడు ఉన్నాయి, ఏ రోగమూ లేనివి, ముచ్చటగా గుండ్రంగా. అవీ నీలమే.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నీలమే.

"బాబాయ్, గడ్డ పీటలు విసిరేసిందంటే సరే. ఈ మంచి గొట్టాలకేం పుట్టింది? వీటికీ లేవా?"

ఉన్నట్టుండి కోత బాబాయ్‌కి కత్తి తుడవాలనిపించింది.

"బాబాయ్, ఈ సాక్షి ఎవరు?"

"అదీ... మన దగ్గరి పాత కుక్క ముక్క కోసికోసి అయిపోయిందమ్మా. చుక్క సీసా కూడా అయిపోయింది. పెద్దసారే మనుషుల ఆసుపత్రి నుంచి తెప్పించారు, రెండూ."

"రెండూనా?"

"రెండూ. సాక్షికి రంగు బ్రహ్మాండంగా వచ్చిందిగా, ఇక ఫరవాలేదన్నారు."

డాక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి పీటని వెతకడానికి చేసిన చుక్క. సాక్ష్యానికి మనిషి ముక్క. ఆ సాక్షి తన సంగతి తాను నిజమే చెప్పింది, పాపం దాని తప్పేముంది! ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుని తలూపుకున్నారు, శిక్ష మాత్రం కుక్కకి పడింది. కుక్క పీట చెక్కడం కాస్త వేరు. ఆ చుక్క దాన్ని పోల్చుకుంటుందో లేదో ముందు ఓ మంచి కుక్క ముక్క మీద వేసి చూడాలి. ఆ ఒక్క పనీ ఎవరూ చెయ్యలేదు.

కర్ర టకటకలాడించుకుంటూ పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన లెక్చరుకి బొమ్మలు సర్దుకుంటున్నాడు. తెర మీద ఇంతింత అక్షరాలు: కుక్కల రొమ్ము గడ్డల్లో హార్మోన్ గుర్తులు పూర్తిగా మాయం.

"రామ్మా, కాలెలా ఉంది?"

"కాలు అతుక్కుంది సార్. ఇక్కడే ఏదో విరిగినట్టుంది. ఆ గుండీ స్లైడులో రోగం లేని గొట్టాలు కూడా నీలంగా ఉన్నాయి, చూశారా?"

"చూడకపోవడమేంటి? అదే కదా నేను కనిపెట్టింది! వచ్చిన ప్రతి కుక్కలోనూ ఇంతే. ఇంతవరకు ఎవరి కంటా పడలేదు."

"మీరు కనిపెట్టింది కుక్కల సంగతి కాదు సార్, సీసా సంగతి. ఆ సీసాకి కుక్క కనపడదు."

"సాక్షికి రంగు వచ్చిందా, లేదా?"

"వచ్చింది. అది మనిషిది."

"మనిషికి పనికొచ్చిన మందు కుక్కకి పనికిరాదా? కుక్కేమైనా మనిషికన్నా గొప్పదా?"

చూశారా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కుందేలైతే నవ్వుకుని ఊరుకుందుం, ఇక్కడ కుక్కలు చచ్చిపోతున్నాయి.

"ఒక్క మంచి కుక్క ముక్క మీద వేసి చూద్దాం సార్. రంగొస్తే నేను నోరు మూసుకుంటాను."

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "మీ అత్త కుక్కటగా అది. అందుకా ఇంత ఆరాటం?"

"మా అత్తది కాకపోతే మాత్రం అబద్ధం నిజమైపోతుందా సార్?"

"గొంతు తగ్గించు. దేనికింత రభస? కుక్కే కదమ్మా!"

కుక్క గడ్డల మీద చదివి, కుక్క గడ్డల మీద రాసి, కుక్క గడ్డల మీద పెద్దసారు అయినవాడు! ఆ నోటితో, కుక్కే కదమ్మా! అన్నం పెట్టిన ఆకునే చించి విసిరినట్టు. ఆమె ఇంకేమీ అనలేదు. అంటే కర్రతో అనాల్సివచ్చేది.

తిన్నగా వెళ్ళి, ఇంకో ల్యాబులో పనిచేసే తన చదువునాటి నేస్తానికి ఫోను చేసింది. "కుక్కల మీద వేసి చూసి, పనిచేస్తుందని తేల్చుకున్న సీసా మీ దగ్గరుందా?"

"ఉందే. ఎందుకు?"

"తర్వాత తిడతాను, ముందు పంపు."

పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన ఓ కుర్ర కుక్క గర్భసంచి ముక్క కూడా నేస్తమే పంపింది. అందులో పీటలు దండిగా ఉంటాయి. కోత బాబాయ్ తటపటాయించాడు. "పెద్దసారుకి చెప్పకుండానా అమ్మా?"

"నేను చెప్తాను. అక్షింతలేవో నాకే పడతాయి. నువ్వు కోయి బాబాయ్."

కోశాడు. ఒక వరస మీద మనుషుల చుక్క, ఇంకో వరస మీద నేస్తం పంపిన చుక్క. శుక్రవారం పొద్దున స్లైడులింకా తయారవుతుండగానే అత్త ఫోను.

"ఏమే, ఇందాకట్నుంచి మూలుగుతోందే. ఒక పక్కకి ఒరిగి పడుకుంది. ఆ డాక్టరన్నదే నిజమేమో. తీసుకెళ్ళిపోనా? దాని బాధ నేను చూడలేనే."

డాక్టరమ్మ లోపల్లోపల లెక్క వేసుకుంది. తను తప్పయితే, ఇంకో రోజు బాధ గుండీకి. తను ఒప్పయితే, ఓ గంటలో గుండీయే ఉండదు. "అత్తా, మధ్యాహ్నం దాకా తలుపు గడియ పెట్టి కూర్చో. నా మాట వినవే."

అత్త ఫోను పెట్టేసిన కాసేపటికే మళ్ళీ చేసింది. ఈసారి గొంతు మారిపోయింది. "చెప్పు పట్టీ కక్కిందే! జానెడంత! కక్కేసి, లేచి తోకాడిస్తోంది. దీన్ని నేనే చంపేస్తాను!"

మధ్యాహ్నానికి స్లైడులు వచ్చాయి. మనుషుల చుక్క వేసిన వరసలో ఆ కుర్ర కుక్క గర్భసంచి తెల్లవారిన ఆకాశంలా నీలం. అంటే ఆ చుక్కకి ఏ కుక్కా కనపడదన్నమాట. రెండో వరసలో అదే గర్భసంచి గోధుమరంగు. గుండీ మంచి గొట్టాలు గోధుమరంగు. గుండీ గడ్డ? గడ్డ నిండా గోధుమ చుక్కలే, మిరియాలు చల్లినట్టు. పీటలు ఎక్కడికీ పోలేదు. చూసేవాళ్ళకే కళ్ళు లేవు.

కుక్కల డాక్టరుకి ఆమే ఫోను చేసి చెప్పింది. ఆయన కాసేపు నసిగి, "ల్యాబువాళ్ళు రాసిందాన్నిబట్టే చెప్పానండీ" అన్నాడు. "గుర్తులు లేవని రాశారు గానీ ప్రాణం తియ్యమని రాయలేదు కదండీ" అంది ఆమె. ఊపిరితిత్తుల ఫొటో తీశారు, అక్కడేమీ పాకలేదు. ఆ పక్క చన్నుల వరసంతా తీసేశారు. కట్టు విప్పిన రోజున అత్త వంగి చూసి, "ఇదేం కుట్టండీ, ఇంత వంకరగా! నా దగ్గర మొదటిరోజు నేర్చుకునేవాళ్ళు కూడా ఇంతకన్నా నయం" అని ఆయన్ని అక్కడే దులిపేసింది.

ఇక్కడితో అయిపోతే బాగుండును. కాలేదు.

పెద్దసారు రెండు వరసల స్లైడులూ చూశాడు. చాలాసేపు చూశాడు. మొహం మాడిపోయింది. అప్పుడైనా తప్పయిందన్నాడా? "సరే, ఈ కుక్క రిపోర్టు మార్చెయ్. మిగతావి కదపకు" అన్నాడు.

"మిగతావి అంటే ఎన్ని ప్రాణులు సార్!"

"అవి పోయాయి కదమ్మా. ఇప్పుడు చెప్పి వాళ్ళని మళ్ళీ ఏడిపించడం దేనికి? ల్యాబు పరువేం కావాలి?"

"పరువు మైనంలోనే ఉంది సార్. ప్రతి ముక్కా ఇంకా మన బీరువాలో ఉంది. మళ్ళీ కోసి చూస్తాను."

"నేను ఒప్పుకోను."

"ఒప్పుకోమని అడగడం లేదు సార్, చెబుతున్నాను."

కోత బాబాయ్ అప్పటికే బీరువా తీసి మైనం ముక్కలు బల్ల మీద పేరుస్తున్నాడు, తల ఎత్తకుండా. పెద్దసారు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. లెక్చరు మానుకున్నాడనుకుంటున్నారా? అబ్బే! ఆవు గిట్టల మీద మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని వచ్చాడు. పొరపాటు జరిగిందని ఒక్కరితో ఒక్కమాట అనలేదు. ఇప్పటికీ అనలేదు.

డాక్టరమ్మ అన్నీ మళ్ళీ చూసింది. కొన్ని నిజంగానే పీటలు లేనివి, చుక్క మార్చినా నీలమే. పిల్లుల ముక్కల మీద నేస్తం పంపిన చుక్కనీ నమ్మకుండా, ముందు మంచి పిల్లి సాక్షిని వెతికి తెచ్చుకుని అప్పుడు చూసింది. కొన్ని కుక్కలకి మాత్రం గుండీకి వచ్చినట్టే రంగు వచ్చింది. బతికున్నవాటి డాక్టర్లకి ముందు చెప్పింది. పోయినవాటి ఇళ్ళకి తనే ఫోను చేసింది.

వాళ్ళలో ఒకాయన బస్సు డ్రైవరు. అంతా విన్నాడు. వెనకాల ఇంజను చప్పుడు, ఎవరో టికెట్టు అడుగుతున్న గోల. ఆ గోలలోనే అన్నాడు:

"అయితే మాది బతికేదా అమ్మా?"

"చెప్పలేనండీ. బతికేదేమో, ఇంకేదైనా అయ్యేదేమో. కానీ మేం మీకు చెప్పింది మాత్రం నిజం కాదు. చూడకుండా చెప్పాం."

"నేనే ఎత్తుకుని తీసుకెళ్ళానమ్మా," అన్నాడు డ్రైవరు. "బండెక్కించుకుని షికారుకి తీసుకెళ్తున్నాననుకుని, నా చెయ్యి నాకుతూనే ఉంది."

ఆమె క్షమించండి అంది. ఆయన హారను కొట్టి ఫోను పెట్టేశాడు. ఆ క్షమాపణ చెప్పాల్సిన నోరు వేరు, చెప్పిన నోరు వేరు. అదే, ఇప్పటికీ కడుపు రగిలిపోయేది.

ఇదర్రా సంగతి. రేపు మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు, గుండీ బతికింది, చెప్పు కక్కింది అని నవ్వించి ఊరుకోకండి. ఆ డ్రైవరు మాట కూడా చెప్పండి. కుక్కేగా అన్నవాళ్ళకి తప్పకుండా చెప్పండి, వాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే వెంటబడి మరీ చెప్పండి. మరిచిపోరు కదా?