ఉప్పుగుర్రం కథకి ఊ కొట్టిందెవరు

ఆఖరి నాలుగు పేజీలు రాసింది చాందిని అని ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. చాందినికీ, గిరిబాబు సార్‌కీ.

ఉప్పుగుర్రం కథలు చదవని పిల్లలు మదనపల్లె చుట్టుపక్కల ఎవరున్నారు చెప్పండి! గుర్రమంతా ఉప్పే, దానిమీద నీలి అనే పిల్ల, తడిస్తే గుర్రం కరిగిపోతుంది. ఐదో పుస్తకం చివర్లో నీలి మునిగిపోతుంటే గుర్రం ఏట్లోకి దూకేసింది. అక్కడ ఆపేశాడు పుంగనూరు గురుమూర్తి సార్! పదహారేళ్లు ఆపేశాడు! అప్పుడు మూడో క్లాసులో ఉన్న చాందిని బెంగళూరు హాస్టల్లో ముసుగుతన్ని ఏడ్చింది.

ఆయన పోయిన ఏడాదికి, పుంగనూరు ఇంట్లో ఆరో పుస్తకం దొరికింది. పదకొండు నోటుబుక్కులు. మదనపల్లెలో గిరిబాబు సార్ అచ్చేస్తానన్నాడు, టైపింగ్ పని చాందినికి దొరికింది, ఇంక చూడండి ఆ పిల్ల సంబరం. కానీ చివరి నోటుబుక్కులో నీలి ఏటి ఒడ్డున వంగి దోసిట్లో నీళ్లు పట్టింది, అంతే. తర్వాతంతా తెల్ల కాగితాలు.

"నువ్వే రాసెయ్ మ్మా. ఆయన రాతంతా నీకు నోటికొచ్చు గదా. ఎవురికి తెలస్తాది?" అన్నాడు గిరిబాబు.

రాసేసింది. అచ్చం ఆయనలాగే. ఒక్కటే గండం మిగిలింది. గురుమూర్తి సార్ ఏ పుస్తకమైనా అచ్చుకిచ్చే ముందు కుప్పం పోయి వాళ్లక్క మునిలక్ష్మమ్మకి మొత్తం చదివి వినిపించేవాడు. ఆమె ఊ కొట్టిన చోటల్లా ఉంచేవాడు, ఊ రాని చోట గీత పెట్టి కొట్టేసేవాడు. ఈ పుస్తకానికీ అదే పద్ధతి అని ఆయన ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పారు. ఆ అవ్వ పసిగడితే? పిల్లలకి దొంగ ముగింపు అంటగట్టినట్టు తేలిపోతుంది కదా!

"ఆ కుర్చీలో కూసోగాకు పాపా, అది మా గురుమూర్తిది. కింద కూసో," అంది కుప్పంలో మునిలక్ష్మమ్మ. ఎనభై దాటాయి, చూపు ఆనదు. చెనక్కాయలు వలుస్తూ వింటుంది.

రెండు రోజులు చదివింది చాందిని. ప్రతి పేరాకీ ఊ. ఊ. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. వీధిలో కూడా చప్పుడు లేదు. నీలి దోసిట్లో నీళ్లు పట్టింది. ఊ. చాందిని తను రాసిన పేజీ తిప్పింది.

నీళ్లు ఉప్పగా ఉన్నాయి. నీలి ఆ నీళ్లు చిప్పలో పోసి ఎండలో పెట్టింది.

ఊ.

హమ్మయ్య! ఇంకో పేరా చదివింది. ఊ. ఈసారి గొంతు కాస్త బొంగురుగా ఉంది, చివర్లో చిన్న దగ్గు. చాందిని తలెత్తింది. మునిలక్ష్మమ్మ చేతులు చెనక్కాయల మీద ఆగిపోయి ఉన్నాయి. పెదాలు బిగించి ఉన్నాయి.

"అవ్వా, మీరేనా ఊ కొట్టింది?"

"నేను యాల కొడతాను? నువ్వు పేజీ తిప్పినకాణ్నించి నేను కొట్లేదు." అవ్వ మొహం ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "వాడు కొట్నాడు."

చాందినికి నోరాగలేదు. "అంటే... ఆయనకి నచ్చిందా? అలాగే ఉంచెయ్యొచ్చా?"

"పిచ్చిదానా! సొంత కతకి ఎవురన్నా ఊ కొట్టుకుంటారా? అవతలోళ్లు సెప్తాంటే గదా కొట్టేది. ఇది వాడిది కాదు. నీదేనా?"

"నాదే అవ్వా," అంది చాందిని.

"మరి నీ పేరు యాడుండాది?"

గిరిబాబుకి ఫోన్ కలిపింది. "సార్, ఇక్కణ్నించి చాందిని రాసింది అని వెయ్యాలి."

"నీకేమన్నా మతి పోయిందా మ్మా? పిల్లోళ్లు ఆయన ముగింపు కోసం కాసుకోనుండారు!"

"అందుకే సార్! లేదంటే నా పేజీలు తీసేయండి. దోసిట్లో నీళ్ల దగ్గరే ఆపేయండి."

"సరేలే, నీ పేరే ఏసుకుందాం," అని గిరిబాబు ఫోన్ పెట్టేశాడు.

చాందిని కాగితాలు సర్దుకుని లేవబోయింది. కుర్చీ వైపు చూస్తే ఒట్టు.

"యాడికి లేస్తాండావు?" అంది మునిలక్ష్మమ్మ. "ఇంగా పేజీలుండాయి గదా. సదువు. వాడు ఇంగా లెయ్యలేదు."