ఇల్లు పేరున వచ్చిన పార్సెల్

దహబియా చేతులు రెండూ మోచేతుల దాకా రొట్టెల పిండిలో ఉన్నాయి. ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి ఉంది. చైనాలో ఎక్కడో కూర్చున్న దుకాణదారు, "బూజెమా గారూ, తమరు అడిగిన రంగు అయిపోయింది, నలుపు పంపమంటారా?" అని రాశాడు. ఆమె పిండి అంటని చిటికెన వేలు చాపి, "వద్దు, అడిగిందే పంపు" అని కొట్టింది. ఆ వేళకి అసలు బూజెమా, అంటే ఆమె మొగుడు, హాల్లో దివాను మీద పడుకుని బంతాట చూస్తున్నాడు.

"ఏయ్, నా చేపల గేలం చక్రం ఎందాకా వచ్చింది?"

"రేవులో దిగిందట."

"దిగిందట, ఎక్కిందట. పొద్దస్తమానం ఫోను పట్టుకుని ఆటలాడ్డం తప్ప నీకేం పనుంది?"

ఆట అనే అంటారు ఆ ఇంట్లో దాన్ని. అత్త మోకాలి పట్టీలు, ఆడపడుచు ముఖానికి పూసుకునే క్రీములు, ఈయనగారి గేలాలు, అన్నీ సముద్రం అవతల నుంచి రావలసినవే. వెతకడం ఆమె, బేరమాడటం ఆమె. బయటిదేశపు డబ్బు చెల్లించే కార్డు ఇంట్లో లేదు కాబట్టి వీధి చివర ఫోన్ల కొట్టువాడి కార్డుతో కట్టించాలి. మగాళ్ళుండే కొట్లో అడుగు పెట్టకూడదని ఆజ్ఞ. అందుకని ఎండలో గడప బయట నిలబడి, దినార్లు లోపలికి అందించి, వాడు కట్టాడో లేదో మెడ సాచి చూసుకోవాలి. పగిలిన వస్తువు వస్తే ఫొటోలు తీసి, ఆ దుకాణం వాళ్ళతో రోజుల తరబడి పోట్లాడి డబ్బు వెనక్కి రాబట్టేదీ ఆమే. కాకపోతే అంతా బూజెమా పేరున. వాళ్ళు "అయ్యా, క్షమించండి అయ్యా" అని రాస్తుంటే దహబియాకు లోపల ఏదో మండేది. ఆ మర్యాద సంపాదించింది తను, ఆ పేరేమో దివాను మీద గురక పెడుతోంది. పోనీ సరుకు వచ్చాకైనా? పోస్టాఫీసుకు వెళ్ళి పట్టుకొచ్చేది అతను. గుమ్మంలోనే "అమ్మా, నీకు పట్టీలు తెచ్చాను" అంటాడు. అత్త హడ్డా కొడుకుని దీవిస్తుంది. పట్టీ బిగుతైతే మాత్రం, "ఏం ఎంచావమ్మాయ్, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అని ఈమెను అడుగుతుంది.

పెళ్ళయ్యాక దహబియా తన కోసం తెప్పించుకున్నది ఒకే ఒక్కటి. వాళ్ళమ్మ ఇచ్చిన కుట్టుమిషను, కింద దారం కండెను తిప్పే షటిల్ విరిగి, మూలపడింది. అది నడిచిన రోజుల్లో వాళ్ళుండే భవనంలో పెళ్ళికూతుళ్ళందరి గౌన్లూ ఆమే కుట్టేది, తన చేతి డబ్బు తన చేతిలో ఉండేది. వాళ్ళ ఊరు అన్నాబాలో ఏ కొట్లోనూ ఆ పాత రకం షటిల్ లేదు. చివరికి తుర్కీ దేశంలో ఒక ముసలాయన దగ్గర దొరికింది. మిషను తనదేనని ఆమె చెప్పుకుంటే, "తల్లీ, నా దగ్గర ఇదే ఆఖరుది" అని రాశాడాయన. ఇక్కడ అత్తేమో, "ఆ ఇనుము తుక్కువాడికి వేసేయరా, ఆ మూల నా మంచం పడుతుంది" అని కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

పార్సెల్ మీద ఏ పేరు రాయించాలనే దగ్గర వచ్చింది మొగుడితో రగడ.

"నా పేరున కుట్టుమిషన్ల సామాను రాకూడదు. పోస్టాఫీసులో సగం మంది నాతో కాఫీ తాగేవాళ్ళే."

"అయితే నా పేరు రాస్తాను."

"నీ పేరా? కిటికీలో వాడు దండోరా వేసినట్టు నీ పేరు చదివితే, వరసలో ఉన్న ప్రతి వెధవా దాన్ని నోట్లో వేసుకు నమలాలా?"

"మరేం రాయను?"

"ఇల్లు అని రాయి. బూజెమా ఇల్లు. అందరికీ తెలుస్తుంది."

తెలియకేం. అక్కడి మగాళ్ళు నలుగురిలో పెళ్ళాం పేరెత్తరు. "మా ఇల్లు జ్వరంతో పడుకుంది" అంటారు, "మా ఇల్లు పుట్టింటికి వెళ్ళింది" అంటారు, విన్నవాడెవడూ నవ్వడు. దహబియా అలాగే రాసింది. తుర్కీ ముసలాయన అలాగే అట్టపెట్టె మీద అంటించాడు.

రెండు పార్సెళ్ళూ ఒకేసారి వచ్చాయి. షటిల్ సరైనదో కాదో విప్పి చూసుకోవాలని దహబియా కూడా పోస్టాఫీసుకు బయల్దేరింది. వద్దంటే వినలేదు. భర్త వెనక నాలుగడుగుల దూరంలో వరసలో నిలబడింది.

కిటికీలో తాహర్ అనే ఆయన చిన్న పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "బూజెమా, ఇదెవరిది? 'ఇల్లు' అని ఉంది."

"మాదే."

"మీదేనయ్యా, కాదనను. ఎవరి పేరుందో వాళ్ళ గుర్తింపు కార్డు కావాలి. ఇంటికి కార్డుంటుందా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "తలుపు ఊడబీక్కుని రా బూజెమా, వేలిముద్ర వేయిద్దాం."

తాహర్ నవ్వలేదు. "ఇదిగో, ఇల్లంటే నా భార్య, ఆమె పేరు ఫలానా అని చెప్పి సంతకం పెట్టు. ఆమె కార్డు చూసి ఇచ్చేస్తాను. అదుగో, అక్కడే ఉందిగా ఆవిడ."

బూజెమా వెనక్కి చూడలేదు. వరసలో కాఫీ కొట్టు స్నేహితులు ఇద్దరున్నారు.

"అక్కర్లేదు. వెనక్కి పంపేయ్."

అంత తేలిగ్గా అనేశాడు. దహబియా ఆ చిన్న పెట్టె వంకే చూసింది. వెనక్కి పంపేయ్. ఆఖరుది. రేపు తుక్కువాడు వస్తాడు, మూలలో మంచం పడుతుంది, ఇక చచ్చేదాకా ఈ మనిషి గేలాలకు బేరాలాడుతూ, ఎండలో ఆ కొట్టువాడి గడప దగ్గర నిలబడాలి. తన పేరు నలుగురి నోట్లో పడకూడదట. ఈయన నోట్లోనైనా పడిందా ఎప్పుడైనా? పడగ్గదిలో కూడా ఏయ్, ఇదిగో, వినపడుతోందా. ఈయన భయం పరాయివాళ్ళు నములుతారని కాదు, ఆ పేరు పలికితే దానికో మనిషి ఉందని ఒప్పుకోవాల్సి వస్తుందని.

తాహర్ చిన్న పెట్టెను పక్కకు నెట్టి పొడుగు పెట్టె తీశాడు. "ఇది నీ పేరునే ఉంది. ఫోనుకి వచ్చిన నంబరు చెప్పు."

కొన్నవాళ్ళ ఫోనుకు ఒక నంబరు వస్తుంది. అది చెబితేగానీ సరుకు కిటికీ దాటదు. ఎప్పుడూ దహబియా చీటీ మీద రాసిచ్చేది. ఇవాళ తనే వస్తున్నాను కదా అని రాయలేదు.

బూజెమా భుజం మీదుగా చెయ్యి ఊపాడు. "ఏయ్, నంబరు."

దహబియా ఫోను చేతిలో పట్టుకుని కిటికీ దాకా వచ్చింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఎవర్ని అడుగుతున్నారు?"

"నిన్నే."

"ఇక్కడ చాలామంది ఉన్నారు. పేరు పెట్టి అడగండి."

బూజెమా చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటికి పద, చెప్తాను నీ సంగతి" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"పదండి. గేలం చక్రం కూడా వెనక్కి పోతుంది."

అతను ఆ పొడుగు పెట్టె వంక చూశాడు. శుక్రవారం పడవలో చేపలకు వెళ్దామని స్నేహితులతో మాటిచ్చి ఉన్నాడు. గొంతు సవరించుకుని, కిటికీ చెక్కకు చెబుతున్నట్టు గొణిగాడు.

"దహబియా."

"వినపడలేదు, సంతకానికి ముందు నేను రాసుకోవాలి" అన్నాడు తాహర్, కలం పట్టుకుని.

"దహబియా. నా భార్య. దహబియా." ఈసారి గుమ్మం దగ్గరున్నవాళ్ళకీ వినపడింది. కప్పేం కూలలేదు. వెనక నిలబడ్డ ముసలావిడ మాత్రం, "మంచి పేరమ్మా" అంది.

బూజెమా సంతకం గీకాక, దహబియా తన కార్డు చూపించి, దాని నంబరూ చెప్పి, చిన్న పెట్టె అందుకుంది. అక్కడే విప్పి, షటిల్‌ను వెలుతురుకు ఎత్తి నాలుగు వైపులా చూసి, సంచిలో వేసుకుంది. తరవాత పొడుగు పెట్టె నంబరు చదివింది, ఒక్కో అంకె నిదానంగా. బూజెమా పొడుగు పెట్టె చంకన పెట్టుకుని ఆమె మొహం చూడకుండా బయటికి నడవబోయాడు.

"ఇక మీదట మీ సామాను మీ ఫోను నుంచే తెప్పించుకోండి," అని దహబియా ఈసారి అతని కంటే ముందు మెట్లు దిగింది.