పండగపూట చీపురు

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. పొగ రాని నిప్పు గురించి మాత్రం వాళ్లేమీ చెప్పిపోలేదు.

అనకాపల్లి అవతల గోదాముల రైలు సైడింగులో నూకరాజు పాతికేళ్లు డీజిల్ ఇంజను నడిపాడు. ఒళ్లంతా మసి, ఇంటికొచ్చినా డీజిల్ కంపు. కిందటేడు దాని బదులు హైడ్రోజన్ ఇంజను తెచ్చారు. పొగ లేదు, వాసన లేదు, గొట్టంలోంచి నీటిచుక్కలు కారతాయంతే. "ఇంజనేటి మావా, సిల్లుకుండలాగున్నాది," అని అతని పెళ్లాం దేముడమ్మ ఆటపట్టించేది. ఉతికిన చొక్కాలు తెల్లగా ఉంటున్నాయని లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ గ్యాసు మంట పగటిపూట కంటికి ఆనదు. అందుకే ట్రైనింగు ఇచ్చిన సుప్రియ మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. ఇంజను దగ్గరకి వెళ్లేటప్పుడు పొడుగాటి చీపురు ముందుకి చాపి నడవాలి. చీపురు అంటుకుందా, ఆగిపోవాలి. కోట్లు పోసి కొన్న యంత్రానికి కాపలా ఈనెల చీపురు! అందరూ నవ్వారు. నూకరాజూ నవ్వాడు గానీ, ఒక్కరోజు కూడా చీపురు వదల్లేదు.

దసరా నాడు ఇంజనుకి పూజ. హారతి వద్దు, అగరొత్తులు వద్దు, పువ్వులూ పసుపూ కుంకుమా చాలన్నారు. దేముడమ్మ పళ్లెంతో వచ్చేసరికి మొగుడు కొత్త చొక్కా తొడుక్కుని, చేత చీపురుతో నిలబడి ఉన్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"పండగపూట అమ్మోరి ముందర సీపురేటి మావా? పక్కనెట్టు. నలుగురూ సూత్తన్నారు."

"మేడం సెప్పింది కదే."

"ఈ ఒక్కరోజుకీ నా మాటిను."

నూకరాజు నవ్వి చీపురు గోడకి చేర్చాడు. కుంకం అద్దుకున్న వేలితో ఇంజను నుదుట బొట్టు పెట్టబోయాడు. ఎక్కడో బిగింపు సడలి కారిన గ్యాసు అప్పటికే అంటుకుని ఉంది. డప్పుల హోరులో అలారం ఎవరి చెవినా పడలేదు. మంట ఎవరికీ కనబడలేదు. అతని చొక్కా అంటుకున్నాకే కనబడింది.

విశాఖ ఆస్పత్రిలో వారం రోజులు ప్రాణాలతో కొట్టుమిట్టాడి పోయాడు.

దినం నాడు సుప్రియ వచ్చి దేముడమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. "చీపురు లేకుండా వెళ్లొద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా ఆయనకి!"

"సెప్తే ఇనకపోతే ఎవులేటి సేత్తారు?" అన్నారు వెనక కూర్చున్న తోటివాళ్లు. అప్పటికే ఆ మాట ఊరంతా తిరిగింది. దేముడమ్మ నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పంతా పోయినవాడి నెత్తినే ఉండిపోయేది.

"ఆయన్నేటీ అనకండమ్మా," అంది. "ఆయన ఇన్నాడు. నా మాట ఇన్నాడు."