ఎన్నులు లోపలికి

కలకత్తా భవానీపూర్‌లో రోడ్లూడ్చి నన్ను పెంచిన మా నానమ్మ అప్పమ్మకు నా బొమ్మ నచ్చలేదు. నాకు ఒళ్లు మండింది.

మామూలు బొమ్మ కాదది. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఉక్రెయిన్ చిత్రకారుడు వేసిన కోతల దృశ్యానికి నకలు. ఆర్ట్ కాలేజీలో మా క్లాసంతటికీ అదే పని, తలా ఒక ఉక్రెయిన్ పొలం. వాటిలో ఒక్కటే ప్రదర్శనకు వెళ్తుంది. మా మునిసిపల్ క్వార్టర్స్‌లో ఇంతవరకు ఎవరి బొమ్మా ఏ గోడా ఎక్కలేదు. నాది ఎక్కించి తీరాలని నెల రోజులుగా దాని ముందే కూర్చున్నాను. నా గోధుమ కుప్ప మీద బంగారు రంగు చూసి దత్తా సార్ కూడా, "మేరీరాణీ, ఇదే వెళ్తుంది" అన్నారు. సోమవారం అప్పజెప్పాలి.

ఆదివారం డ్యూటీ దిగి వచ్చిన నానమ్మ, చీపురు గోడకు ఆనించి బొమ్మ ముందు చతికిలబడింది.

"ఎవులే ఈ కుప్పేసింది? ఎన్నులు బయటికెట్టీసినారు."

"వెన్నులు బయటికి ఉన్నాయి కాబట్టే కదా మెరుస్తోంది."

"మబ్బు సూడు ఎంత నల్లగుందో. వానొస్తే గింజకి మొలకలొచ్చెయ్యవేటి? ఎన్నులు లోపలికి, మొదళ్లు బయటికి. ఎక్కడైనా అంతే."

"అది వరి కాదు నానమ్మా, గోధుమ. మన దేశమూ కాదు."

"ఏదైతే ఏటి? వానకి తెలుస్తాదేటి?"

పెళ్లయి కలకత్తా వచ్చేదాకా బొబ్బిలి వైపు పొలాల్లో కూలికి కోసిన మనిషి. నేనా, కొడవలి ముట్టుకున్నదే లేదు. ఫోన్‌లో దొరికిన బొమ్మలో కుప్ప అలికేసినట్టుంటే, వెన్నులు ఊహించి పెట్టాను. ఆ సంగతి సార్‌కు చెప్పలేదు.

వదిలేద్దామనే అనుకున్నాను. కానీ అన్నం ముందు కూర్చున్నా కళ్లు బొమ్మ మీదికే పోయాయి. ఆ మబ్బు కింద ఆడవాళ్లు నడుం పడిపోయేలా కోస్తుంటే, వాళ్ల గింజల్ని వానకు వదిలేసింది నేనే. సిగ్గేసింది. కత్తి తీసి, ఆరని రంగునంతా గీకేశాను. నానమ్మ పక్కన కూర్చుని, చీపురు పుల్లలు పేర్చి కుప్ప ఎలా వేస్తారో చూపించింది. సాయంత్రానికి నా బంగారు కుప్ప మట్టిరంగుకు తిరిగింది.

సోమవారం దత్తా సార్ మొహం మాడ్చుకున్నారు.

"బంగారం ఏమైంది?"

"వాన వస్తోంది సార్. కష్టపడి కోసినవాళ్లు గింజను బయట పెట్టరు."

"మెరుపు లేని బొమ్మ వెళ్లదు."

"అయితే వెళ్లొద్దు. మళ్లీ మార్చను."

ఆయన లైబ్రరీ నుంచి అసలు బొమ్మ పెద్ద అచ్చు తెప్పించి భూతద్దం పెట్టి చూశారు. అసలు కుప్పలో ఒక్క వెన్ను కూడా బయటికి లేదు. నా బొమ్మే వెళ్లింది.

ప్రదర్శన నాడు నానమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బొమ్మ కింద చీటీలో నా పేరు పక్కన, నాకొచ్చిన వంకర తెలుగులో 'కుప్ప వేసినది: అప్పమ్మ' అని రాశాను. ఆమెకు చదవడం రాదు. చీటీ వంక చూడనైనా లేదు. ముందు మబ్బును చూసింది, తర్వాత కుప్పను చూసింది.

"ఇంక రానీ వాన" అంది.